ఆయమ్మ సెలవులకు చెరువు లెక్క

ఇరవై ఎనిమిదేళ్ళు రొయ్యల చెరువుల లెక్కలు రాసి, పోయిన ఏడు కుర్చీ దిగాను. అన్నేళ్ళలో కూడికలో తప్పు దొర్లింది రెండుసార్లు. రెండూ ఆ సాయంత్రానికే దొరికాయి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు. ఇందులో కూడిక సరిగ్గానే ఉంది. అందువల్లనే తప్పు కనిపించడానికి నేను కొల్లేటి ఒడ్డు దాకా వెళ్ళి, వానలో కూర్చోవలసి వచ్చింది. కొత్తగా ఆఫీసుల్లో చేరి ఇతరుల జీతాలు లెక్కగట్టే పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. మాది దెందులూరు దగ్గర పల్లె. మా తాతగారి కాలంలో ఊరి పొలంలో సగానికి పైగా మాదే. ఒక కాలువ తూము ఎవరి గట్టు వైపు ఉండాలన్న దాని మీద ఆయన పంతొమ్మిదేళ్ళు దావా నడిపి గెలిచారు. గెలిచిన నాటికి ఆ తూము నీళ్ళతో తడుపుకోవడానికి మాకు పొలం మిగల్లేదు. మా నాన్నగారి వాటాకు పెద్దింట్లో రెండు గదులు, వెండి పొన్ను వేసిన చేతికర్ర, నడుము వంచకుండా కూర్చునే అలవాటు వచ్చాయి. ఆయన తరువాత ఆ మూడూ నాకు దఖలుపడ్డాయి.

ఏలూరులో నేను పనిచేసిన యజమానికి కైకలూరు వైపు రొయ్యల చెరువులు, ఊళ్ళో మేతల కొట్టు ఉన్నాయి. వారి తాతగారు ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవారు. అందుచేత యజమాని నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నా, పెట్టుకున్నట్టు ఎప్పుడూ కనిపించనివ్వలేదు. "బాబుగారూ, మా లెక్కలు కాస్త చూసిపెట్టాలండి" అన్నారు మొదటిరోజు. "దానికేముందండి, చూస్తాను" అన్నాను. ఆ చూడడం ఇరవై ఎనిమిదేళ్ళు సాగింది. ఆఫీసులో చేతులున్న కుర్చీలు రెండే. ఒకటి ఆయనది, ఒకటి నాది.

మా ఇంట్లో జీతం అనే మాట ఎవరూ పలికేవారు కాదు. మొదటి నెల డబ్బు తెచ్చి మా అమ్మ చేతిలో పెడితే, ఆవిడ లెక్కపెట్టకుండా బీరువాలో దాచి, పక్కింటావిడతో "ఏలూరు నుంచి వచ్చిందమ్మా" అంది, ఏలూరులో మాకేవో శిస్తులు వసూలవుతున్నట్టు. ఆ మాటే నిలిచిపోయింది. మా ఆవిడ కాపురానికి వచ్చిన నెలలోనే దాన్ని నేర్చుకుంది. నెలాఖరున ఉప్పూ పప్పూ నిండుకుంటే "ఏలూరు నుంచి రాగానే తెద్దాం" అనేది.

సెలవు కూడా నేను ఎన్నడూ అడగలేదు. సెలవు అడగాలంటే ఒకరి బల్ల ముందు నిలబడాలి. ఆ అవసరం రాకుండా జ్వరాన్ని సైతం ఆదివారాలకే పరిమితం చేసుకున్నాను. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

యజమాని ఇల్లు ఏలూరు పక్కనే వట్లూరులో. కోడలుగారు ప్రభుత్వ కాలేజీలో లెక్చరరు. రెండున్నరేళ్ళ మనవడు. ఆ పిల్లవాణ్ణి చూసుకోవడానికి కొల్లేటి ఒడ్డు పల్లె నుంచి ఒక ఆవిడ వచ్చేది. ఇంటిల్లిపాదీ ఆమెను ఆయమ్మ అనేవారు. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్ళి, సోమవారం పొద్దున్నే దిగేది. ఆమె భర్త మా యజమాని చెరువుల్లోనే ఒకదానికి కాపలా మనిషి. ఇద్దరి డబ్బూ నా సంతకం మీదే వెళ్ళేది.

ఆ పిల్లవాడికి అన్నం తినిపించడం ఆయమ్మకు తప్ప ఇంకొకరికి చేతనయ్యేది కాదు. ప్రతి ముద్దకూ ఆమె ఒక చేప పేరు పెట్టేది. కొరమీను వచ్చిందనేది, నోరు తెరిచేవాడు. జెల్ల వచ్చిందనేది, మళ్ళీ తెరిచేవాడు. కొల్లేట్లో ఎన్ని రకాల చేపలున్నాయో ఆ పిల్లవాడి పొట్టలోకి అన్ని ముద్దలు పోయేవి.

ఆ ఏడు వేసవి సెలవుల్లో కోడలుగారి అక్కగారింట్లో గృహప్రవేశమని అందరూ మైసూరు బయల్దేరారు. నెల రోజుల ప్రయాణం. ఆయమ్మను తీసుకెళ్ళలేదు. వెళ్ళే హడావిడిలో కోడలుగారు గుమ్మంలోంచి "ఆయమ్మ జీతం సంగతి బాబుగారు చూసుకుంటారు" అని కారెక్కారు. నేను చూసుకున్నాను.

మా చెరువుల్లో ఒక పద్ధతి ఉంది. పంట పట్టేశాక చెరువు ఖాళీ చేసి ఎండగడతారు. మళ్ళీ నీళ్ళు పెట్టి రొయ్య పిల్లను వదిలేదాకా నెలో, నెలన్నరో పడుతుంది. ఆ రోజుల్లో కాపలా మనిషికి పని ఉండదు, బయట కూలికి పోతాడు. పూర్తిగా మానిపిస్తే వేరే చెరువుకు పోతాడు కనుక సగం జీతం ఇచ్చి నిలుపుకుంటారు. ఈ పద్ధతి నేను వచ్చేసరికే ఉంది. దాన్ని ఒక వరసలో పెట్టి కాగితం మీద రాసింది నేను. ఆ కాగితం నా బల్ల అద్దం కింద ఉండేది.

నెలాఖరున జీతాలు కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేది. రైలు ఆలస్యమైతే సాకులు చెప్పకుండా కూర్చుని పని మొదలుపెట్టేది. ఆ గుణం నాకు నచ్చేది. నోరు మాత్రం నచ్చేది కాదు.

"సార్, ఆయమ్మగారికి ఎంత వెయ్యమంటారు?" అంది.

"సగం."

"ఎందుకండీ?"

"నెల్రోజులు పిల్లాడు ఊళ్ళో లేడు. చెరువు ఖాళీగా ఉంటే కాపలాకి సగమే కదా."

"పిల్లాడు చెరువా సార్?"

"పద్ధతి ఒకటే అమ్మాయ్."

"ఊరెళ్ళింది వాళ్ళండీ. ఆయమ్మగారు సెలవు పెట్టలేదు గదండీ."

"నీకు కంప్యూటరు తెలుసు. చెరువు తెలియదు."

"తెలీదండీ. మా గూడెం మార్కెట్లో మాకు తెలిసింది ఉల్లిపాయల రేటొక్కటేనండీ" అని మళ్ళీ తెర వైపు తిరిగింది. కాసేపటికి, "ఇంటి ఖర్చు పద్దులో సగం జీతం తీసుకోవట్లేదు సార్. గడి లేదు" అంది.

"చెరువుల కాపలా పద్దులో ఉంది కదా. అందులో వెయ్."

వేసింది. నేను సంతకం చేశాను. నిజం చెప్పాలంటే, ఆ సంతకం చేస్తున్నప్పుడు కాస్త ఉదారంగా ప్రవర్తించాననే అనుకున్నాను. వట్లూరులో చాలా ఇళ్ళలో, ఇంటివాళ్ళు ఊరెళ్తే పనివాళ్ళకు అసలేమీ ఇవ్వరు. పెద్దింటివాడి చేతి మీదుగా వెళ్తోంది కనుక సగమైనా వెళ్ళిందని సంతోషించాను.

మైసూరు వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. ఆయమ్మ రాలేదు. ఫోను చేస్తే, "ఇల్లు బాగు చేయించుకుంటన్నామండీ, ఇప్పట్లో రాలేనండీ అమ్మగారూ" అని మర్యాదగా చెప్పి పెట్టేసిందట. మా వైపు మనుషులు ఎంత కోపం వస్తే అంత మర్యాదగా మాట్లాడతారు. అది అర్థం చేసుకోవలసింది. ఎవరూ చేసుకోలేదు.

మూడోనాడు పొద్దున్న యజమాని ఆఫీసుకు వచ్చారు. రొయ్య రేటు ఒక్క పూటలో పడిపోయినా కాఫీ చల్లారనివ్వకుండా తాగే మనిషి. ఆ రోజు చొక్కా జేబు మీద పెరుగన్నం ఎండిపోయి ఉంది. కుర్చీలో కూలబడ్డారు.

"బాబుగారూ, పిల్లాడు మూడ్రోజుల్నించి పాలు తప్ప ముద్ద ముట్టట్లేదండి. ఎల్లుండి కోడలికి కాలేజీ తెరుస్తారు. రాత్రి నేను నేల మీద పడుకుని చేపలా ఈదానండి."

"తిన్నాడాండి?"

"ఏం చేప అని అడిగాడండి. రొయ్య అన్నాను. రొయ్య చేప కాదని కంచం తోసేశాడు. నలభై ఏళ్ళుగా రొయ్యల మీద బతుకుతున్నానండి, నాకు ఇంకో పేరు గుర్తు రాలేదు."

నేను నవ్వలేదు. నవ్వే స్థితిలో లేను, ఎందుకంటే కంప్యూటరు అమ్మాయి నా వైపు చూస్తోంది. యజమాని ఫోను మోగి బయటికి వెళ్ళగానే మెల్లగా అంది.

"సార్, ఆయమ్మగారికి మెసేజీ వెళ్ళుంటుందండీ."

"ఏం మెసేజీ?"

"డబ్బులు పంపితే ఆ పద్దులో ఉన్న మాటే మెసేజీగా వెళ్ళిపోద్దండీ." తెర నా వైపు తిప్పింది. నేను వంగి చూశాను. ఆ అమ్మాయి ముందు నేను వంగడం అదే మొదలు. "చెరువు ఖాళీ కాలం. సగం జీతం జమ అయినది" అని ఉంది.

ఆ రెండు వాక్యాలూ నావే. బల్ల అద్దం కింద కాగితం మీద ఎంతో ముచ్చటపడి రాసుకున్నవి.

యజమాని లోపలికి రాగానే, "ఆయమ్మ సంగతి నేను చూస్తానండి" అన్నాను.

"కారు తీసుకెళ్ళండి."

"అవసరం లేదండి." ఆయన కారులో వెళ్ళాలంటే వెళ్ళే కారణం చెప్పాలి. బస్సయితే ఎవరూ కారణం అడగరు.

కైకలూరులో బస్సు దిగి, పల్లెకు ఆటో కోసం చూశాను. మనుషుల ఆటో వెళ్ళిపోయింది. ఐసు పెట్టెలు వేసుకుని చెరువుల మీదికి పోతున్న ఆటో ఒకటి ఉంది. గంజి పెట్టిన పంచెతో, వెండి పొన్ను కర్రతో, ఐసు పెట్టె మీద నిటారుగా కూర్చుని మా వంశంలో ఎవరూ చేయని ప్రయాణం చేశాను. కింద నుంచి ఐసు కరిగి పంచె తడుస్తూనే ఉంది. డ్రైవరు రెండుసార్లు "సర్దుకుని కూర్చోండి బాబుగారూ" అన్నాడు. ఇంతకంటే ఎలా సర్దుకోవాలో నాకు తెలియలేదు.

ఆయమ్మ ఇల్లు చెరువు గట్టు దిగగానే ఉంది. నేను గట్టు మీదే ఆగిపోయాను. ఆ ఇంటి కప్పు సగం దాకా కొత్త రేకులు. ఎండకు మెరుస్తున్నాయి. అక్కడి నుంచి తక్కిన సగం మీద నీలం రంగు పరదా పట్టా కట్టి ఉంది. రేకులు ఎక్కడ ఆగాయో అక్కడ గీత గీసినట్టుంది.

"రండి బాబుగారూ. కబురెడితే మేమే వద్దుం గదండీ" అంటూ ఆమె భర్త ఎదురొచ్చాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీని తుడిచి, గాలి వస్తుందని పట్టా కింద వేశాడు. నేను కూర్చున్నాను. ఆయమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చి, గోడవారగా నిలబడింది.

"బాబు బాగున్నాడాండీ?" అని అడిగింది.

"లేడు."

"తింటన్నాడాండీ?"

"మూడ్రోజులైంది ముద్ద తిని."

ఆమె ముఖం మారింది. "మైసూర్లో బాగానే తిన్నాడు గదండీ."

"నీకెలా తెలుసు?"

"నేనే గదండీ పెట్టేను" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె భర్త చెప్పాడు. మైసూరు వెళ్ళిన రెండోనాటి నుంచి పిల్లవాడు అన్నం మానేస్తే కోడలుగారు వీడియో ఫోను చేయడం మొదలుపెట్టారట. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అక్కడ వాళ్ళమ్మ ముద్ద పట్టుకుంటే ఇక్కడ ఈమె చేప పేరు చెప్పాలి. ఇంట్లో సిగ్నలు ఉండదు. గట్టు మీదే ఉంటుంది.

"నెల్రోజులూ ఎండలో గొడుగేసుకుని గట్టు మీద నిలబడి కొరమీనో, బొచ్చో అని కేకలేసిందండీ" అన్నాడు అతను. "మొదటి రోజు పక్క చెరువోళ్ళు సరుకు అమ్ముతుందనుకుని తట్టలట్టుకుని వచ్చేసేరండీ."

"నువ్వూరుకో" అంది ఆయమ్మ. తరువాత నా వైపు తిరిగి, "బాబుగారూ, చెరువు ఖాళీ కాలం అని రాసేరండీ. చదివి ఈయన రెండ్రోజులు నవ్వేడు. నాకు నవ్వు రాలేదండీ. చెరువు ఖాళీ అవలేదు. మైసూరు వెళ్ళిందంతే" అంది.

నేను మజ్జిగ గ్లాసు వైపు చూశాను.

"అమ్మగారు వెళ్తా వెళ్తా ఏం చెప్పేరో తెలుసాండీ? ఇంకో ఇంట్లో పని ఒప్పుకోకు, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలన్నారు. వారానికోసారి వచ్చి మొక్కలకి నీళ్ళు పొయ్యమన్నారు. నాలుగుసార్లు వెళ్ళొచ్చేను. చార్జీలు కూడా అడగలేదండీ. సరేలే, అమ్మగారికి కాలేజీ సెలవులు గదా, ఆవిడకి జీతం వస్తంది, నాకూ ఇస్తారనుకున్నాను. వస్తందాండీ ఆవిడకి?"

"వస్తుంది."

"పూర్తిగానాండీ?"

"పూర్తిగానే."

"మరి వేసవిలో కాలేజీలో పిల్లలుండరు గదండీ" అంది.

నాకు సహాయంగా ఆమె భర్త మాట్లాడతాడేమోనని అతని వైపు చూశాను. అతను లోపలికి వెళ్ళి, చూరులో దాచిన పాలిథిన్ సంచీ తెచ్చాడు. అందులో మా ఆఫీసు నుంచి అతనికి వచ్చిన జీతం కాగితాలన్నీ ఉన్నాయి. ఒకదాన్ని ఏరి, వినయంగా రెండు చేతులతో అందించాడు.

"పోయిన ఏడు చెరువు ఎండగట్టినప్పుడు మీరే రాసేరండీ" అన్నాడు.

నా అక్షరాలే. మా తాతగారి దగ్గర నేర్చిన గుండ్రటి అక్షరాలు. "మోటార్ల వద్ద కనిపెట్టుకొని ఉండి, వేరు పనికి పోలేదు గనుక పూర్తి జీతం" అని ఉంది. నా పద్ధతిలో రెండో భాగం అది. వేరే పనికి పోయినవాడికి సగం, పోకుండా కనిపెట్టుకుని ఉన్నవాడికి పూర్తి. బల్ల అద్దం కింద కాగితం మీద అది కూడా ఉంది. దాని మీద నేను రోజూ కాఫీ గ్లాసు పెట్టుకునేవాణ్ణి.

చెరువు లెక్క తప్పు కాదు పిల్లలూ. ఆయమ్మను చెరువు లెక్కలో వేయడం మొదటి తప్పు. వేసినవాణ్ణి ఆ లెక్కనైనా చివరిదాకా చదువుకోకపోవడం రెండో తప్పు. ఉల్లిపాయల రేటు తప్ప ఏమీ తెలియదన్న అమ్మాయి ఒక్క ముక్కలో చెప్పిన దాన్ని నేను ఆటో, ఐసు పెట్టె, మజ్జిగ, పాలిథిన్ సంచీ దాటుకుని వచ్చి తెలుసుకున్నాను.

అప్పుడే వాన మొదలైంది. తొలకరి వాన. ముందు పెద్ద పెద్ద చినుకులు పట్టా మీద టపటపా పడ్డాయి. తరువాత చినుకులు లెక్కకు అందలేదు. పట్టా మధ్యలో నీళ్ళు నిలిచి, కడుపులా దిగి, ఒక చిరుగు దగ్గర ధార కట్టింది. ఆ ధార సరిగ్గా నా ఎడమ భుజం మీద పడసాగింది.

మా వంశంలో మర్యాదగా వేసిన కుర్చీలోంచి మాట ముగియకుండా లేవడం లేదు. ఒక పెళ్ళిలో మా తాతగారి పక్కనే పందిరి కూలినా ఆయన లేవలేదని చెప్పుకునేవారు. నేనూ లేవలేదు. ధార భుజం నుంచి మెడకు వచ్చింది. కండువా తడిసింది. మజ్జిగ గ్లాసులో నీళ్ళు పడి మజ్జిగ పెరగడం మొదలైంది.

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆయమ్మ అంది.

"ఇటొచ్చేయండి బాబుగారూ. ఇది జీతం వచ్చిన వైపండీ."

ఎగతాళిగా అనలేదు. ఇంట్లో తడవని చోటు ఎక్కడో చెప్పింది, అంతే. వేసవి జీతం పూర్తిగా వస్తుందన్న నమ్మకంతో కైకలూరు కొట్లో ఇల్లంతటికీ రేకులు మాట్లాడుకున్నారట. డబ్బు సగమే వచ్చేసరికి సగం రేకులే తెచ్చుకున్నారు. తక్కిన సగం ఇంటి మీదకు వానాకాలం వచ్చేసింది. బియ్యం డబ్బా, మంచం, టీవీ, ట్రంకు పెట్టె, ఇలా నేను తప్ప మిగిలిన సామానంతా అప్పటికే జీతం వచ్చిన వైపు చేరి ఉంది.

నేను లేచాను. కుర్చీ నేనే ఎత్తి రేకుల కిందికి తెచ్చుకున్నాను. కానీ కూర్చోలేదు.

"ఆయమ్మా, ఆ సగం కోసింది వాళ్ళు కాదు. నేను."

"అమ్మగారు కాదాండీ?"

"ఆవిడకు తెలియదు. ఎవరికీ తెలియదు. నా అంతట నేనే కోశాను. అది తప్పు."

ఆ చివరి మాట పెద్ద కష్టంగా ఏమీ లేదు. ఇన్నాళ్ళూ అది గొంతుకు అడ్డం పడే మాటని ఎందుకు అనుకున్నానో తెలియదు.

"అయ్యో, నేను అమ్మగారి మీద కోపం పెట్టుకున్నానండీ" అంది ఆయమ్మ.

"ఇక మీదట నా మీద పెట్టుకో."

"మీ మీద ఎలా పెట్టుకుంటామండీ, అలా తడిసిపోయి ఉంటే" అంది. ఆమె భర్త ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

మిగతా సగం రేపు పొద్దున్నే పంపుతానని అతని జీతం కాగితం వెనకే రాసి సంతకం పెట్టాను. ఆమె చదువుకుని తిరిగి ఇచ్చింది.

"డబ్బులు మీరంటే చాలండీ, కాగితం ఎందుకు. ఒక్కటి మాత్రం అడుగుతానండీ. నన్ను చెరువుల్లో రాయొద్దు. మా ఆయన చెరువు కాస్తాడు. నేను పిల్లాణ్ణి పెంచుతున్నాను."

"రాయను."

"మీరెప్పుడన్నా సెలవు పెట్టేరాండీ బాబుగారూ?"

"లేదు."

"అదేనండీ. అందుకే మీకు తెలీలేదు" అంది. తెలియనివాణ్ణి తప్పుపట్టకూడదన్నట్టు చెప్పి, బట్టల సంచీ సర్దుకోవడానికి వెళ్ళింది. పిల్లవాడు తినడం లేదని విన్నాక ఆమె డబ్బు కోసం ఆగలేదు. నేను ఆమె జీతం కోసేముందు ఎంత ఆలోచించానో, ఆమె బయల్దేరడానికి అంత కూడా ఆలోచించలేదు.

నా పంచె కట్టుకునే స్థితిలో లేదు. ఆమె భర్త తన ఉతికిన లుంగీ ఇచ్చాడు. ఆకుపచ్చ గళ్ళది. కైకలూరులో బస్సెక్కినప్పుడు నేను గళ్ళ లుంగీ, తడి లాల్చీ, వెండి పొన్ను కర్రతో ఉన్నాను. పక్కనున్న పెద్దాయన నన్ను పరకాయించి చూసి, "చెరువులు బాగున్నాయాండీ?" అని అడిగాడు. "బాగున్నాయండీ" అన్నాను. వెనక సీట్లోంచి ఆయమ్మ ఫోను చేసి, దారి పొడుగునా పిల్లవాడికి చేపల పేర్లు వినిపించింది. ఏలూరు వచ్చేసరికి బస్సులో సగంమంది ఆమె తరువాత ఏ చేప చెబుతుందో అందిస్తున్నారు.

వట్లూరు గుమ్మంలో పిల్లవాడు ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. పదమూడు చేపలు తిన్నాడు. కోడలుగారు లెక్కపెట్టారు. యజమాని నా లుంగీ వైపు చూసి, చూడనట్టు నటించి, కుర్చీ చూపించారు. నేను నిలబడే జరిగింది చెప్పాను.

విన్నాక ఆయన నాకు చూపించిన కుర్చీలో తనే కూర్చున్నారు.

"నిజం చెప్పాలంటే బాబుగారూ, పూర్తిగా ఇచ్చెయ్యమని వెళ్ళేముందే చెప్దామనుకున్నానండి."

"మరి చెప్పలేదేమండి?"

"మీ లెక్కలో వేలు పెట్టినట్టు ఉంటుందేమోనని..." అని ఆగారు.

"నేనూ మైసూరు నుంచి ఫోను చేద్దామనుకున్నానండీ" అన్నారు కోడలుగారు తలుపు దగ్గర నుంచి. "మీరేమన్నా అనుకుంటారేమోనని ఊరుకున్నాను."

నా వెన్ను నిటారుగా ఉంటే అది నా ఒక్కడి సంగతి అనుకున్నాను ఇన్నాళ్ళూ. దాని చుట్టూ ఒక ఇంటిల్లిపాది ఒదిగి తిరుగుతున్నారనీ, వాళ్ళ మొహమాటం ఖరీదు కొల్లేటి ఒడ్డున ఒక ఇంటి కప్పులో సగమనీ ఆ పూట తెలిసింది. పిల్లలూ, మీ బల్ల దగ్గరికి వచ్చి ఎవరూ తప్పు చూపించడం లేదంటే మీరు తప్పు చేయడం లేదని కాదు. ఒకసారి మీ ముఖం ఎలా పెట్టుకుని కూర్చున్నారో చూసుకోండి.

మర్నాడు పొద్దున్న తాడేపల్లిగూడెం అమ్మాయి వచ్చేసరికి నేను పుస్తకంలో కొత్త పేజీ తెరిచి ఉన్నాను. పైన "ఇంటి ఉద్యోగులు" అని రాశాను. ఇంటివారు ఊరెళ్తే ఉద్యోగికి పూర్తి జీతం. ఉద్యోగి సెలవు పెడితే నెలకు రెండు రోజుల వరకు కోత లేదు. వాడుకోని రోజులు కూడబెట్టుకోవచ్చు. యజమాని చదివి, తల ఊపి, సంతకం పెట్టారు. ముందు ఆయమ్మకు రావలసిన సగం, నాలుగు ప్రయాణాల చార్జీలతో కలిపి పంపించాం. ఆ ఆదివారానికే రేకులు ఎక్కాయని తరువాత తెలిసింది.

"ఈ పేజీలో ఎవరెవరి పేర్లు ఎక్కించమంటారు సార్?" అంది అమ్మాయి.

"ఆయమ్మ. వంటావిడ. డ్రైవరు."

"అంతేనాండీ?"

కలం మూత పెట్టబోయి ఆగాను. కుర్చీకి చేతులున్నంత మాత్రాన అది ఇంకొకరి కుర్చీ కాకుండా పోదు. నాలుగో వరసలో నా పేరు రాశాను. అమ్మాయి అది చదివింది, నన్ను చూసింది, నా పేరు కూడా ఎక్కించింది. యజమాని అటుగా వస్తూ పుస్తకంలోకి తొంగి చూసి కంగారుపడ్డారు.

"ఇదేంటండి బాబుగారూ, మీ పేరు ఇక్కడెందుకండి?"

"నేనూ ఉద్యోగినే కదండి" అన్నాను. "ఈ నెలాఖరుకు ఒక పన్నెండు రోజులు సెలవు కావాలండి." అడగడానికి ఆయన బల్ల ముందు నిలబడవలసే వచ్చింది. అక్కడ నిలబడితే కిటికీలోంచి వీధి బాగా కనిపిస్తుంది. అన్నేళ్ళలో ఆ సంగతి నాకు తెలియదు.

ఆ పన్నెండు రోజులు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. మొదటి మూడు రోజులు ఉదయం తొమ్మిదికి చొక్కా తొడుక్కుని, విప్పేశాను. నాలుగోనాడు మా ఆవిడ, "మీరు ఇంట్లో ఉంటే ఇల్లు చిన్నదైపోయింది" అని మేడ మీదికి పంపించింది. పదోనాటికి అలవాటైంది. మధ్యాహ్నం నిద్రపోవడం కూడా వచ్చింది.

పన్నెండో రోజుకు నెలాఖరు. ఇద్దరం భోజనానికి కూర్చున్నప్పుడు ఫోను మోగింది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. పంపింది ఎవరో, ఎవరిని అడిగి ఆ పద్దులో వేసిందో అడగక్కర్లేదు. "చెరువు ఖాళీ కాలం. పూర్తి జీతం జమ అయినది" అని ఉంది.

"ఏమిటది? ఏలూరు నుంచి వచ్చిందా?" అంది మా ఆవిడ నెయ్యి వడ్డిస్తూ.

"కాదు" అన్నాను. "జీతం పడింది."